దిగే ఇళ్ళు

కర్నూలు రోడ్డులో, జిరాక్సు షాపు పైన
మా గదిలో
నలభై మూడు ఇళ్ళు గాలిలో వేలాడుతున్నాయి.

మన్నేరు పక్కనున్న కాలనీ అది.
తెర మీద నేల ఒక బూడిదరంగు దుప్పటి.
కింద ఎవరో మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టు
అక్కడక్కడా ఉబ్బు.
దాని మీద ఇళ్ళు, అడుగు ఆనకుండా,
ఒకటి జానెడు పైన, ఒకటి మూరెడు పైన.
పడమటి కొసన ఆరేడు మాత్రం
కిటికీల దాకా మట్టిలో.

కూరుకుపోయినవాటి సంగతి తొందరగానే తేలింది.
డ్రోన్ పైనుంచి చూసింది గదా,
సర్కారు తుమ్మ నెత్తిని నేలనుకుంది.
తుమ్మని చెరిపేశాను.
నిజంగా కొట్టాలంటే మోచేతుల దాకా చీరుకుపోయేది,
ఇక్కడ ఒక వేలు చాలింది.

వేలాడేవాటికే మందు దొరకలేదు.

సాఫ్ట్‌వేరులో ఒక మీట ఉంది:
నేలను వస్తువు ఎత్తుకి సర్దు.
నొక్కాను.
పెనం మీద అట్టు అంచు లేచినట్టు
నేల లేచి వచ్చి ప్రతి గోడ కిందా కూర్చుంది.
నలభై మూడు ఇళ్ళు, నలభై మూడు దిబ్బలు.
ఇంత మాట వినే నేలని నేనెక్కడా చూడలేదు.
వాన వదిలాను, అదీ ఇంకో మీటే,
ఒక్క రోజులో ముప్ఫై సెంటీమీటర్లు.
మన్నేరు నీలంగా ఉబ్బి, సందులన్నీ నింపి,
పిలవని చుట్టంలా
గుమ్మాల బయటే ఆగిపోయింది.

"ఒక్క ఇల్లూ తడవలేదే! పంపించెయ్" అన్నారు సారు.
కట్ట పొయ్యక్కర్లేదని ఆ బొమ్మే చెబుతోందని
ఆయన టీ కూడా తెప్పించారు.

టీ తాగాను. దిబ్బలు నచ్చలేదు.

మలకొండయ్యకి ఫోను చేశాను.
ఎరుపూ తెలుపూ గీతల కర్ర పట్టుకుని
ముప్ఫై ఏళ్ళు ఎండలో నిలబడ్డ మనిషి.
"కర్ర యాడ పెట్టావు మలకొండయ్యా?"
"యాడ పెడతా, ఇంటి ముందర సిమెంటు రోడ్డు మీద.
కింద బురద, కర్ర దిగబడతా ఉండె.
ఆ పొద్దే చెప్పినా గదా, రాసుకోలా?"
రాసుకోలేదు.
"రోడ్డు మీద రోడ్డు రెండుసార్లు పోశారమ్మా.
ఆ ఇళ్ళలోకి ఎవురూ ఎక్కరు,
దిగతారు."

ఆదివారం ఉలవపాడులో బస్సు దిగి
ఆటో పట్టుకుని పోయాను.
మస్తానమ్మ ఇంట్లోకి రెండు మెట్లు, కిందికి.
కళ్ళకి చీకటి అలవాటయ్యాక గోడ కనపడింది.
మేకుకి గుడ్డ సంచి,
సంచిలో రేషన్ కార్డు, ఆధార్లు, డ్వాక్రా పుస్తకం.
మేకు కింద రెండు బొక్కలు, ఒకదాని కింద ఒకటి.
"ఇది మా ఆయన ఉన్నప్పుడు" అంది కింది బొక్క మీద వేలు పెట్టి.
"ఇది చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు.
నీళ్ళొచ్చి పోయినాక జానెడు పైకి కొట్టుకుంటాం."

టేపు దించాను.
గచ్చు నుంచి మేకుకి మీటరూ పన్నెండు.
ఆమె టేపుని కాదు, నన్ను చూస్తోంది.
"కంప్యూటర్లో మా ఇల్లు కూడా ఉందంట గదా అమ్మాయ్.
నువ్వే చెప్పు.
ఈసారి మేకు యాడ కొట్టమంటావు?"

పోయిన వారం నీ ఇల్లు
ఒక దిబ్బ మీద పొడిగా ఉందని
చెప్పలేకపోయాను.

సోమవారం దిబ్బలు తీసేశాను.
నేలని నేల చోట వదిలి
నలభై మూడు ఇళ్ళనీ ఒక్కొక్కటే చేత్తో దించాను.
మధ్యాహ్నమైంది, అన్నం డబ్బా మూత తియ్యలేదు.
అదే వాన వదిలాను.
నీలం రోడ్డెక్కింది, రోడ్డు మీంచి
రెండు మెట్లూ దిగి లోపలికి పోయింది.

సారు వెనక నిలబడి ఉన్నారు.
"చక్కగా ఉన్న ఇళ్ళని ఎందుకు ముంచావు?"
"నేను దించానంతే సార్."
ఈసారి టీ రాలేదు.

ఆ పట్టికలో మేకుకి గడి లేదు.
పునాదికి ఉంది, కప్పుకి ఉంది.
సాయంత్రం మలకొండయ్యకి మళ్ళీ ఫోను చేసి
ఆమెతో చెప్పమన్నాను:
ఇంకో జానెడు పైన.
కాదు, ఆగు,
జానెడున్నర.